ప్రొవోక్, స్పార్క్, ట్రిగ్గర్, ఎలిసిట్... అన్నిటికీ అర్థం ఒకటే అయితే ఇన్ని మాటలెందుకు?

గ్రూప్స్_గోపి:
అందరికీ నమస్తే. గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నా. ఇంగ్లిష్ పేపర్ క్వాలిఫయింగే గానీ అందులో తప్పితే మిగతావి ఎంత బాగా రాసినా లాభం లేదు. నా డౌటు ఇదీ. ప్రొవోక్, స్పార్క్, ట్రిగ్గర్, ఎలిసిట్, అరౌజ్, ఎవోక్, ప్రాంప్ట్, కాజ్. డిక్షనరీ తీస్తే అన్నిటికీ 'కలిగించు, రేపు, ప్రేరేపించు' అని అవే తిప్పి తిప్పి ఇచ్చారు. 'ప్రొవోక్ పక్కన ఔట్‌రేజ్, ఎలిసిట్ పక్కన రెస్పాన్స్, అరౌజ్ పక్కన సస్పిషన్, బట్టీ కొట్టెయ్' అన్నారు కోచింగ్ సార్. ఎందుకని అడిగితే 'ఇంగ్లిషోడు అలాగే అంటాడు, అంతే' అన్నారు. నిజంగా అంతేనా? వెనక ఏదైనా లెక్కుందా? మాది తెలుగు మీడియం, కాస్త అర్థమయ్యేలా చెప్పండి.

పుల్లట్టు:
బట్‌ని బట్ అని, పుట్‌ని పుట్ అని చదివేవాళ్ళ దగ్గర లెక్క అడుగుతున్నావా తమ్ముడూ. ధైర్యమే.

నల్లబల్ల:
గోపీ, మీ సార్ చెప్పింది తప్పు కాదు, సగం చెప్పారు. ఎన్నో ఏళ్ళు తొమ్మిది, పది తరగతులకి ఇంగ్లిష్ చెప్పినదాన్ని, నాకు తోచింది చెబుతాను.

ముందు ప్రొవోక్ తీసుకో. దాని వెంట సాధారణంగా నడిచేవి ఇవి: యాంగర్, ఔట్‌రేజ్, ప్రొటెస్ట్, క్రిటిసిజమ్, కాంట్రవర్సీ, హాస్టిలిటీ, బ్యాక్‌లాష్, రియాక్షన్, డిబేట్. ఎక్కువ భాగం గొడవ సరుకే. మనిషిని పెట్టి కూడా వాడొచ్చు. 'ప్రొవోక్ హిమ్ ఇన్‌టు ఎ ఫైట్' అంటే వాడు కొట్లాటకి దిగేదాకా రెచ్చగొట్టడం. ఆ 'ఇన్‌టు' మర్చిపోకు. ఎలిసిట్‌కి ఈ సౌకర్యం లేదు. 'ఎలిసిట్ హిమ్' అనకూడదు, 'ఎలిసిట్ ఎ రెస్పాన్స్ ఫ్రమ్ హిమ్' అనాలి. రాబట్టేది జవాబుని, సమాచారాన్ని, మనిషిని కాదు. టీచర్ ట్రైనింగ్‌లో దీన్ని రోజూ వాడతాం. జవాబు మనమే చెప్పేయకుండా పిల్లల నోటినుంచి రప్పించడాన్ని ఎలిసిట్ చేయడం అంటాం.

అరౌజ్ అంటే నిద్రలో ఉన్నదాన్ని లేపడం. అందుకే దాని పక్కన సస్పిషన్, క్యూరియాసిటీ, ఇంటరెస్ట్, సింపతీ వస్తాయి. ఇవన్నీ మనిషి లోపల ఉండేవి. బయటికి కనిపించే ప్రొటెస్ట్‌ని అరౌజ్ చేయరు.

కర్నూలోడు:
మేడమ్, ప్రొవోక్ అంటే అంతా గొడవే అయితే 'థాట్ ప్రొవోకింగ్' అని పొగుడుతారు కదా? ప్రతి పుస్తకం అట్ట వెనక అదే. 'ప్రొవోక్ లాఫ్టర్' అని కూడా చూసినా. నవ్వేమన్నా గొడవనా?

నల్లబల్ల:
మంచి పాయింటు పట్టావయ్యా. అందుకే 'మంచి, చెడు' అని గీత గీస్తే ప్రొవోక్ సగమే దొరుకుతుంది. నేను పిల్లలకి ఇంకో ప్రశ్న వేసుకోమనేదాన్ని: ఆ స్పందన వచ్చిన మనిషి చేతిలో ఉందా, లేదా? కోపం మనం కావాలని తెచ్చుకోం, వచ్చేస్తుంది. నవ్వూ అంతే, ఆపుకోలేక వస్తుంది. ఆలోచన కూడా, థాట్ ప్రొవోకింగ్ అన్నప్పుడు, వద్దన్నా తొలిచేదే. మాటని విడగొట్టినా అదే తేలుతుంది. లాటిన్‌లో ప్రో అంటే ముందుకి, వొకారే అంటే పిలవడం. లోపల ఉన్నదాన్ని 'బయటికి రా' అని పిలవడం అన్నమాట. ఎవోక్, ఇన్‌వోక్, రివోక్ అన్నీ ఆ వొకారే పిల్లలే. మన 'వాక్కు'కీ దానికీ మూలం ఒకటేనని భాషాశాస్త్రజ్ఞులు అంటారు.

అదే నమ్మకం అనుకో, మనిషి ఇష్టపడి ఇచ్చేది. కాబట్టి 'ప్రొవోక్ కాన్ఫిడెన్స్' అనరు, 'ఇన్‌స్పైర్ కాన్ఫిడెన్స్' అంటారు. చప్పట్లు కూడా 'డ్రా అప్లాజ్'.

గ్రూప్స్_గోపి:
అబ్బ, ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది మేడమ్. మరి కాజ్? అది అన్నిటికీ పనికొస్తుంది కదా. డౌటొస్తే కాజ్ రాసి పారేద్దాం అనుకుంటున్నా.

కార్పస్_పిచ్చి:
ఆ పని మాత్రం చేయకు. కాజ్ చూడ్డానికి ఏ రంగూ లేని మాటలా ఉంటుంది, నిజానికి దాని సావాసమంతా చెడ్డవాళ్ళతోనే. కాజ్ డ్యామేజ్, కాజ్ ప్రాబ్లమ్స్, కాజ్ క్యాన్సర్, కాజ్ డిలే, కాజ్ కన్సర్న్. 1995లో మైఖేల్ స్టబ్స్ అనే భాషాశాస్త్రవేత్త కంప్యూటర్‌లో పోగేసిన పెద్ద పాఠ్యరాశుల్ని వెతికి ఇదే చూపించాడు. కాజ్ పక్కన పడే నామవాచకాల్లో అత్యధికం అక్కర్లేనివే. ఈ లక్షణానికి 'సెమాంటిక్ ప్రొసడీ' అన్న పేరుని 1993లో బిల్ లౌ అచ్చులోకి తెచ్చాడు. ఇద్దరికీ దారి చూపింది బర్మింగ్‌హామ్‌లో జాన్ సింక్లేర్. వాళ్ళందరికీ తాతగారు జె.ఆర్. ఫర్త్. ఒక మాట ఏమిటో తెలియాలంటే అది ఎవరితో తిరుగుతుందో చూడమని 1957లో రాశాడాయన. ఈ ఫర్త్ 1920లలో లాహోర్‌లో ఇంగ్లిష్ ప్రొఫెసర్‌గా పనిచేశాడు. మన దేశంలో ఇంగ్లిష్ నేర్పే బాధ ఏమిటో ఆయనకి తెలిసే ఉంటుంది.

కాబట్టి 'ది స్కీమ్ కాజ్డ్ డెవలప్‌మెంట్ ఇన్ రూరల్ ఏరియాస్' అని రాస్తే వ్యాకరణం తప్పు కాదు. చదివేవాడికి మాత్రం అభివృద్ధి ఏదో అంటురోగం అన్నట్టు వినిపిస్తుంది. 'బ్రాట్ అబౌట్' అనో 'లెడ్ టు' అనో రాయి.

పుల్లట్టు:
'కాజ్ ఫర్ సెలబ్రేషన్' అంటారుగా మరి? అది కూడా రోగమేనా ప్రొఫెసర్‌గారూ?

కార్పస్_పిచ్చి:
ప్రొఫెసర్‌ని కాను, స్కాలర్‌ని, ఫెలోషిప్ కూడా టైముకి రాదు. అక్కడ కాజ్ నామవాచకం అన్నా. 'కారణం' అనే అర్థం. నేను చెప్పింది క్రియ గురించి. ఒకే మాట నామవాచకంగా ఒకరితో, క్రియగా ఇంకొకరితో తిరగడం మామూలే.

డెస్క్_చాయ్:
పేపర్ డెస్కులో పనిచేసేవాణ్ణి. ఏజెన్సీ కాపీ ఇంగ్లిష్‌లో వస్తుంది, మేం తెలుగు చేయాలి. ఈ క్రియలతో రోజూ కుస్తీనే. 'రిమార్క్స్ స్పార్క్ రో' వచ్చిందా, చేతికి అలవాటుగా 'వ్యాఖ్యలు దుమారం రేపాయి' పడిపోతుంది. 'డ్రాస్ ఫ్లాక్' వస్తే 'విమర్శలు వెల్లువెత్తాయి'. ఫ్లాక్ అంటే అసలు విమానాల్ని కూల్చే తుపాకుల కాల్పులు, జర్మన్ మాట. మన ఇండియన్ పేపర్లకి ఎంత ఇష్టమో అది. రోజుకొకటైనా తగులుతుంది.

ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. గోపీ, నువ్వు వ్యాసంలో ఏ క్రియ వేశావన్నదాన్ని బట్టి తప్పెవరిదో నువ్వే తేల్చేసినట్టు అవుతుంది. నువ్వు అనుకోకపోయినా సరే.

పొట్టి శ్రీరాములుగారి సంగతే చూడు. 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టారు, డిసెంబరు 15 రాత్రి చనిపోయారు. ఆంధ్ర ప్రాంతమంతా అల్లర్లు. డిసెంబరు 19న నెహ్రూ రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. ఇప్పుడు మూడు వాక్యాలు. 'హిజ్ డెత్ ట్రిగ్గర్డ్ రయట్స్' అంటే మీట నొక్కారు, పేలింది. మందుగుండు ఎవరు కూరారో చెప్పలేదు. 'ది గవర్నమెంట్స్ డిలే ప్రొవోక్డ్ రయట్స్' అంటే తప్పు ఢిల్లీది. 'లీడర్స్ ఇన్‌సైటెడ్ రయట్స్' అంటే ఎవరో మైకు పట్టుకుని జనాన్ని ఉసిగొల్పారు. జరిగింది ఒకటే, వేలు చూపించిన దిక్కులు మూడు. ఎడిటర్లు క్రియ దగ్గర ఎందుకు చిరాకు పడతారో నాకు ఉద్యోగంలో చేరాకే అర్థమైంది.

కర్నూలోడు:
అన్నా ఇది ఇనుకున్యాక పేపర్ చదవాలంటే భయమేస్తాంది.

నల్లకోటు:
డెస్క్ అన్న చెప్పింది మా కోర్టుల ఇంకా గట్టిగ ఉంటది. వరంగల్‌ల ప్రాక్టీసు చేస్తున్న. చట్టంల ప్రొవొకేషన్ అన్న ఒక్క మాట మీద మనిషి శిక్ష మారుతది.

1860 నాటి ఐపీసీ 300వ సెక్షన్‌కు మొదటి మినహాయింపే ఇది, 'గ్రేవ్ అండ్ సడన్ ప్రొవొకేషన్'. ఎదుటోడు ఒక్కసారే తీవ్రంగ రెచ్చగొట్టిండు, మనిషి అదుపు తప్పిండు, ఆ ఊపుల చంపిండు అని రుజువైతే అది మర్డర్ కింద రాదు. 2024 జులై 1 నుంచి అమల్లకు వచ్చిన భారతీయ న్యాయ సంహితల అదే మాట 101వ సెక్షన్‌ల ఉన్నది. ఇందాక మేడమ్ చెప్పిన 'మన చేతిలో లేనిది' అన్నదే ఇక్కడ చట్టం అయింది.

నానావతి కేసు తెలుసు కదా. 1959 ఏప్రిల్ 27న నేవీ కమాండర్ నానావతి బొంబాయిల తన భార్య ప్రియుని కాల్చిండు. సడన్ ప్రొవొకేషన్ అని వాదించిన్రు. 1961ల సుప్రీంకోర్టు ఒప్పుకోలే. భార్య సంగతి చెప్పినంక ఆయన భార్యాపిల్లలను సినిమాకు దించిండు, ఓడ కాడికి పోయి రివాల్వర్ తీసుకున్నడు, అటెన్క మనిషిని వెతుక్కుంట పోయిండు. చల్లారనీకె టైము దొరికింది కదా, ఇగ సడన్ ఎక్కడిది అన్నది కోర్టు. యావజ్జీవం ఖాయం చేసింది.

ఇంకో ముచ్చట. సాకు దొరకాలని తనే కావాలని కయ్యం పెట్టుకొని, ఎదుటోడు నన్ను ప్రొవోక్ చేసిండు అంటే చెల్లదని ఆ సెక్షన్లనే రాసిన్రు.

గ్రూప్స్_గోపి:
సార్, మరి ఇన్‌సైట్, ఇన్‌స్టిగేట్, ప్రొవోక్ మూడూ చట్టంలో ఉన్నాయి కదా. తేడా?

నల్లకోటు:
క్లుప్తంగ చెప్త. ఇన్‌స్టిగేట్ అంటే ఫలానా నేరం చెయ్యుమని ఒకని ఎగదోసుడు. అబెట్‌మెంట్ కింద వస్తది, ఐపీసీ 107, ఇప్పుడు బీఎన్ఎస్ 45. పేపర్ల 'ఆత్మహత్యకు ప్రేరేపణ' అని రాస్తరు చూడు, అది అబెట్‌మెంట్. ఇన్‌సైట్ ఎక్కువగ గుంపుకు. వయొలెన్స్, హేట్రెడ్, రయట్, అన్‌రెస్ట్, ఇసొంటియే దాని పక్కకు వస్తయి. ఈ రెండిట్ల ఎగదోసినోడు, చేసినోడు ఒకే దిక్కు ఉంటరు. ప్రొవోక్‌ల ఇద్దరు ఎదురెదురు ఉంటరు, తిట్టినోడు ఒకడు, కోపమొచ్చినోడు ఇంకొకడు. పాత 504, ఇప్పటి 352 గదే. కావాలని అవమానించి అవతలోడు శాంతిభంగం చేసేటట్టు ప్రొవోక్ చేసుడు.

నల్లబల్ల:
'ఒకే దిక్కు, ఎదురెదురు'. బాగా చెప్పారు లాయర్‌గారూ. ఇది నేనెక్కడా చదవలేదు.

హౌస్‌సర్జన్_గుంటూరు:
మా వార్డులో ఈ క్రియలు ఇంకో రకంగా సర్దుకున్నాయండి. ఆస్తమా, మైగ్రేన్, ఎలర్జీలకి ట్రిగ్గర్. దుమ్ము, పొగ, చల్లగాలి ట్రిగ్గర్లు. జబ్బు అంతకుముందే ఉంది, ఇవి అటాక్‌ని మొదలుపెడతాయి. అందుకే 'డస్ట్ కాజ్డ్ హర్ ఆస్తమా' అని కేస్ షీట్‌లో రాస్తే రౌండ్స్‌లో అక్షింతలే. నొప్పులు రప్పించడానికి ఇండ్యూస్ లేబర్, వాంతికి ఇండ్యూస్ వామిటింగ్. మోకాలి మీద సుత్తితో కొట్టి చూసే రిఫ్లెక్స్‌ని ఎలిసిట్ చేస్తాం. పేషెంట్ నుంచి హిస్టరీ కూడా ఎలిసిటే. టీచర్‌గారు చెప్పినట్టు రాబట్టడమే కదా.

ప్రొవోక్ కూడా ఉందండోయ్. కాలి సిరలో రక్తం గడ్డకట్టిందనుకోండి, ఆపరేషనో ఎక్కువ రోజులు మంచాన పడి ఉండటమో కారణం కనిపిస్తే 'ప్రొవోక్డ్', కారణం ఏదీ తేలకపోతే 'అన్‌ప్రొవోక్డ్'. మొదటిసారి విన్నప్పుడు రక్తాన్ని ఎవరు తిట్టారా అనుకున్నా.

డల్లాస్_బాబాయ్:
మా పిల్లల నోట ట్రిగ్గర్‌కి వేరే అర్థం. నేను కాస్త గొంతు పెంచితే 'డాడ్, డోంట్ గెట్ ట్రిగ్గర్డ్' అంటారు. మనిషిని ట్రిగ్గర్ చేయడం అన్న వాడుక ఈమధ్యే వచ్చింది, మాటల్లో చెల్లుతుంది. పరీక్షలో రాయకు తమ్ముడూ.

ఆఫీసు మెయిల్స్ సంగతి కూడా చెప్తా. 'యువర్ మెయిల్ ప్రొవోక్డ్ మీ టు చెక్ ది లాగ్స్' అని రాస్తే అవతలివాడు కొట్లాటకొచ్చావా అనుకుంటాడు. 'ప్రాంప్టెడ్ మీ టు చెక్' అనాలి. ప్రాంప్ట్‌లో వేడి ఉండదు. ఏదో గుర్తొచ్చి, ఆలోచించుకుని చేసిన పని. ప్రాంప్ట్ పక్కన ఎంక్వయిరీ, రివ్యూ, క్వశ్చన్స్ లాంటివి వస్తాయి. మీటింగుల్లో అభ్యంతరం చెప్పాలన్నా 'రైజ్ కన్సర్న్స్', 'రైజ్ క్వశ్చన్స్'.

కర్నూలోడు:
నాకు ఒకటి తోచింది. ఇంగ్లిషోన్ని అంటున్నాం గానీ మన తెలుగులో లేదా ఈ గోల? కోపం తెప్పించినాడు అంటాం. అనుమానం పుట్టించినాడు అంటాం. జాలి కలిగించినాడు అంటాం. జాలి తెప్పించినాడు అంటే చెవికి ఇంపుగా లేదు. కోపం పుట్టించినాడు అన్నా అంతే. ఇవి మనకెవరు నేర్పినారు?

నల్లబల్ల:
ఎవరూ నేర్పలేదు, కానీ లెక్క ఉంది. కోపం ఏమవుతుంది? వస్తుంది. వచ్చేదాన్ని తెప్పిస్తాం. కోపం, నవ్వు, ఏడుపు, విసుగు. అనుమానం పుడుతుంది, పుట్టేదాన్ని పుట్టిస్తాం. దుమ్ము రేగుతుంది, దుమారమూ రేగుతుంది, అందుకని రేపుతాం. మంట రగులుతుంది, పగా రగులుతుంది, రగిలిస్తాం. జాలి ఏమవుతుంది? వేస్తుంది. భయం వేస్తుంది, ఆశ్చర్యం వేస్తుంది. ఇక్కడ చిక్కొచ్చింది. 'జాలి వేయించాడు' అంటే జాలిని బాణలిలో పోసి దోరగా వేపినట్టు ఉంటుంది. అందుకని దానికి 'కలిగించు' అరువు తెచ్చుకున్నాం.

పుల్లట్టు:
జాలి వేపుడు, నంజుకోవడానికి అనుమానం పచ్చడి. మేడమ్, మీ క్లాసులో కూర్చునుంటే నేను ఇంగ్లిష్ తప్పేవాణ్ణి కాదు.

డెస్క్_చాయ్:
రేపు గురించి ఒక మాట. దుమారం, కలకలం, చిచ్చు ఎన్ని రేపినా అదే క్రియ ఆశలు, ఉత్కంఠ కూడా రేపుతుంది. ఇంగ్లిష్‌లో స్పార్క్ సరిగ్గా ఇలాంటిదే. స్పార్క్ ప్రొటెస్ట్స్ ఎంత మామూలో స్పార్క్ ఇంటరెస్ట్ కూడా అంతే మామూలు. చిన్న నిప్పురవ్వ పడింది, అంటుకునేది అక్కడ ముందే ఉంది. 1857కి కొవ్వు పూసిన తూటాల్ని 'స్పార్క్డ్ ది రివోల్ట్' అంటారు, బాగా కుదురుతుంది. రాజ్యాలు కలిపేసుకోవడం, సిపాయిల జీతభత్యాల అసంతృప్తి ముందే పేరుకుని ఉన్నాయి. తూటాల మీదే మొత్తం నెట్టి 'కాజ్డ్ ది రివోల్ట్' అంటే చరిత్ర పేపర్ దిద్దేవాళ్ళు ఊరుకోరు.

గ్రూప్స్_గోపి:
అయితే ఒక పేరా రాసి పెడతా, చీల్చి చెండాడండి. చరిత్ర నుంచే తీసుకున్నా. తెలుగు లిపిలోనే కొడుతున్నా, ఫోరమ్ రూలు కదా.

'ది రౌలట్ యాక్ట్ ఆఫ్ 1919 ప్రొవోక్డ్ ప్రొటెస్ట్స్ ఎక్రాస్ ఇండియా. ది కిల్లింగ్స్ ఎట్ జలియన్‌వాలా బాగ్ అరౌజ్డ్ ఔట్‌రేజ్ అండ్ ప్రొవోక్డ్ టాగోర్ టు రినౌన్స్ హిజ్ నైట్‌హుడ్. ది ఆల్ వైట్ సైమన్ కమిషన్ ఎలిసిటెడ్ ఎ బాయ్‌కాట్. ప్రకాశమ్స్ కరేజ్ ఇన్ మద్రాస్ ఎవోక్డ్ అడ్మిరేషన్.'

నల్లబల్ల:
మొదటి వాక్యంలో తప్పేమీ లేదు. రెండోదాంట్లో 'అరౌజ్డ్ ఔట్‌రేజ్' అనేవాళ్ళూ ఉన్నారు, అయినా నేను మొదటి క్రియనే ఇక్కడికి జరిపి 'ప్రొవోక్డ్ ఔట్‌రేజ్' చేస్తాను, మొదటి వాక్యంలో 'లెడ్ టు ప్రొటెస్ట్స్' పెడతాను. అసలు గమనించాల్సింది ఠాగూర్ దగ్గర. ఆయన ఆ మే నెలాఖరులో వైస్రాయికి ఉత్తరం రాసి బిరుదు వదులుకున్నారు. ఏప్రిల్ 13 కాల్పులకీ ఆ ఉత్తరానికీ మధ్య నెలన్నర గడిచింది. ఆలోచించి, మాటలు ఏరుకుని చేసిన పని. దానికి డల్లాస్ బాబాయ్‌గారి క్రియే సరి, 'ప్రాంప్టెడ్ టాగోర్ టు రినౌన్స్'.

నల్లకోటు:
నానావతికి చెప్పినట్టే. చల్లారనీకె టైము దొరికింది కాబట్టి ప్రొవోక్ చెల్లది.

డెస్క్_చాయ్:
హహ, సెక్షన్ 101 ప్రకారం ప్రాంప్ట్. బాయ్‌కాట్ దగ్గర ఎలిసిట్ మార్చు తమ్ముడూ. కమిషన్ వాళ్ళేమీ 'మమ్మల్ని బహిష్కరించండి' అని రాబట్టుకోలేదు కదా. ఒక్క భారతీయుణ్ణి కూడా వేయకుండా అవమానించారు, జనం తిరగబడ్డారు. 1928లో 'సైమన్ గో బ్యాక్' అని ఊరూరా అరిచారంటే అది ప్రొవోకే. ఎలిసిట్‌లో రాబట్టేవాడికి ఆ స్పందన కావాలి, చాలాసార్లు.

కార్పస్_పిచ్చి:
'చాలాసార్లు' అన్నావు, బతికిపోయావు. 'ది అనౌన్స్‌మెంట్ ఎలిసిటెడ్ క్రిటిసిజమ్' కూడా బోలెడు దొరుకుతుంది, అక్కడ ఎవరూ విమర్శ కోరుకోలేదు.

ప్రకాశంగారి వాక్యానికి 'వన్ అడ్మిరేషన్' అని పెట్టు. ఎవోక్ ఎక్కువగా జ్ఞాపకాలు, దృశ్యాలు, పాత రోజుల్ని పిలుస్తుంది. ఎవోక్ మెమొరీస్, ఎవోక్ ఇమేజెస్. తుపాకీ ముందు ఛాతీ చూపించినవాడికి మెప్పు గెలుచుకున్నాడనే గౌరవం ఇద్దాం.

అనుమానం వస్తే మమ్మల్ని అడగక్కర్లేకుండా నువ్వే వెతుక్కోవచ్చు. బ్రిటిష్ నేషనల్ కార్పస్ అనే పాఠ్యరాశిలో 10 కోట్ల మాటలున్నాయి, అమెరికన్ ఇంగ్లిష్‌ది కోకా అని ఇంకోటి, 100 కోట్ల పైనే. రెండూ ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ఖాతా తెరిస్తే చాలు, రోజుకిన్ని అని వెతకనిస్తాయి. క్రియ కొట్టి పక్కన ఏ నామవాచకాలు ఎక్కువ వస్తున్నాయో చూడు. ఏదైనా జంట ఒకటీ రెండూ చోట్లే కనబడితే పరీక్షలో దాని జోలికి పోకు.

గ్రూప్స్_గోపి:
అందరికీ దండాలు. చివరిది ఒక్కటి. పేపర్లో 'మెనీ కంపెనీస్ హావ్ ఎవిన్స్‌డ్ ఇంటరెస్ట్' అని చూస్తుంటా. ఎవిన్స్ కూడా ఈ గుంపులోదేనా?

డెస్క్_చాయ్:
కాదు, పేరు చూసి మోసపోకు. ఎవిన్స్ అంటే చూపించడం, కనబరచడం. కంపెనీలు ఆసక్తి కనబరిచాయి, ఎవరిలోనూ రేపలేదు. పాతకాలపు మాట, మన పేపర్లు ఇంకా పట్టుకుని వేలాడుతున్నాయి. 'షోన్ ఇంటరెస్ట్' రాసెయ్, ఎవరూ మార్కులు కొయ్యరు.